చింతచిగురు ఏరుతూ పాడిన పాట

మొన్న ఆదివారం పొద్దున్న వట్లూరులో మా అబ్బాయి వాళ్ళింట్లో కూర్చుని పేపరు తిరగేస్తున్నాను. మా కోడలు ఇడ్లీపాత్ర స్టవ్ మీద పెట్టి, ఫోనులో పన్నెండు నిమిషాలకి అలారం పెట్టి, "అత్తయ్యగారూ, ఇది మోగితే కాస్త స్టవ్ కట్టేస్తారా అండీ, ఈలోగా స్నానం చేసి వచ్చేస్తాను" అని వెళ్ళింది. సరేనన్నాను. ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నదాన్ని ఉన్నట్టుండి ఒక్కదాన్నే పకపకా నవ్వడం మొదలుపెట్టాను. పన్నెండు నిమిషాలంటే మా లెక్కలో రెండు గీతాలు, ఒక స్వరజతి. చూద్దాం ఏమవుతుందోనని మనసులోనే పాడుకోవడం మొదలుపెట్టాను. రెండు గీతాలూ పూర్తిచేసి, స్వరజతిలో ఆఖరి చరణం ముగించి, పల్లవి అందుకునేసరికి ఫోను మోగింది! నాకు ఎంత సంతోషం వేసిందంటే, గబగబా లేచి స్టవ్ కట్టేసి, ఎవరూ చూడకుండా నా వీపు నేనే తట్టుకున్నాను. స్నానం చేసి వచ్చిన కోడలు నా వాలకం చూసి ఏమైందండీ అని అడిగింది. చెప్పాలంటే పెద్ద కథ, ఈలోగా ఇడ్లీలు చల్లారిపోతాయి. అందుకని మీకు చెబుతున్నాను. మీలో నా ఈడువాళ్ళుంటే, చేతిగడియారం లేని రోజుల్లో అన్నం ఎలా వండుకున్నామో మీకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. మాది తాడేపల్లిగూడెం, మా నాన్నగారికి కిరాణా కొట్టు. బొమ్మలు గీసే పిచ్చి నాకు ఆ కొట్లోనే పట్టుకుంది. పొట్లాలు కట్టడానికి తెచ్చిన కాగితాల మీద వచ్చేపోయే వాళ్ళ మొహాలు గీసి పెట్టేదాన్ని, నాన్నగారు చూసుకోకుండా వాటిల్లోనే మినప్పప్పు కట్టి ఇచ్చేసేవారు. ఒకసారి ఒకావిడ తన మొహం ఉన్న పొట్లం తనే ఇంటికి పట్టుకెళ్ళి, మర్నాడు పొద్దున్నే దెబ్బలాటకి వచ్చింది, నా ముక్కు అంత పెద్దదా అని. నిజానికి అంతకంటే పెద్దదే, నేనే దయతలచి తగ్గించాను. ఆ సంగతి అలా ఉంచితే, డ్రాయింగు పరీక్షలు పాసై ఏలూరులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు టీచరుగా చేరాను. అదే వారంలో అక్కడే ఇంకో ఇద్దరు చేరారు. ఒకామె సంగీతం టీచరు, పెంటపాడు పక్క పల్లెలో వరి పండించుకునే రైతుగారి అమ్మాయి. రెండో ఆమె లెక్కల టీచరు, ముదినేపల్లి దాటి వెళ్తే కొల్లేటి ఒడ్డున వాళ్ళ ఊరు. పేర్లు రాస్తే బాగుండదు కనుక ఒకామెని సంగీతం అమ్మాయి అనీ, ఇంకో ఆమెని కొల్లేటి అమ్మాయి అనీ అంటాను. అమ్మాయిలమని చెప్పుకునే వయసు దాటి చాలా కాలమైంది గానీ, ఆ ఇద్దరినీ తలుచుకుంటే నాకు వేరే మాట రాదు.

ముగ్గురం కలిసి పవర్‌పేట స్టేషనుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక పెంకుటింటి వెనక గది అద్దెకి తీసుకున్నాం. ముందు భాగంలో ఇంటావిడ ఉండేవారు. పిన్నిగారని పిలిచేవాళ్ళం గానీ ఆవిడ నోటికి వీధి వీధంతా భయపడేది. మొదటి పదిహేను రోజులూ మేం ముగ్గురం ఒకరినొకరు మీరు, ఏవండీ అనుకుంటూ మర్యాదలతో చచ్చిపోయాం. కొల్లేటి అమ్మాయి గంజి వారుస్తూ చేతిగడియారం గంజిలో పడేసుకున్న రోజున ఆ మర్యాదలన్నీ పోయాయి. ఆ గదిలో ఉన్న గడియారం అదొక్కటే. ముగ్గురం గంజిలో చేతులు పెట్టి, చేతులు కాల్చుకుని, తీరా తీసి చూస్తే ముల్లు అన్నం మెతుకు దగ్గర ఆగిపోయి ఉంది. లెక్కల టీచరై ఉండి వంట వేళ తెలీకుండా చేసుకున్నావని మేం ఏడిపిస్తే, ఆమె సంగీతం అమ్మాయి వైపు తిరిగి, "ఇంక నువ్వే మాకు గడియారం. పాడు" అంది.

అలా మొదలైంది. సంగీతం అమ్మాయి కిరసనాయిలు స్టవ్ పక్కన కూర్చుని కూర తరుగుతూ పాడేది, కొల్లేటి అమ్మాయి గరిటె పట్టుకుని ఆ పాటని బట్టి వండేది. ఎసట్లో బియ్యం పోశాక వార్చేదాకా ఒక వర్ణం, రెండు కీర్తనలు. వంకాయ మగ్గడానికి ఒక స్వరజతి. తిరగమోతకి చిన్నపిల్లలకి నేర్పే గీతం ఒకటి, అదీ వేగం రెట్టించి రెండో కాలంలో. కందిపప్పుతోనే చిక్కు వచ్చేది, ఎన్ని పాటలు పాడినా ఒకపట్టాన ఉడికేది కాదు. "పప్పు ఉడికేలోపు నా గొంతు ఉడికిపోతోందర్రా" అని మొత్తుకునేది పాపం. ఒక ఆదివారం ఆవ పెట్టిన కంద బచ్చలికూర వండుతుంటే ఆమెకి ఏం పూనకం వచ్చిందో, పాట మొదలుపెట్టే ముందు ఆలాపన అందుకుని, ఎక్కడా దిగకుండా పైపైకి వెళ్ళిపోయింది. మేమిద్దరం నోళ్ళు తెరుచుకుని వింటూ కూర్చున్నాం. కూర మాడి అడుగంటి, పొగ ఇంటావిడ వాకిట్లోకి వెళ్ళి, ఆవిడ చీపురు పట్టుకుని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. ఆవిడ కూడా వింటున్నారని మాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి స్టవ్ మీద ఏదైనా ఉండగా ఆలాపన చెయ్యకూడదని కొల్లేటి అమ్మాయి చట్టం చేసింది, మాడిన కూర మాత్రం ముగ్గురం గిన్నె గీకి మరీ తిన్నాం.

మరి నేనేం చేసేదాన్నంటారా? నాకు వంట అప్పజెప్పేవారు కారు, ఉప్పు రెండుసార్లు వేసిన చరిత్ర ఉంది కనుక. స్టవ్ కి ఇవతల గోడకి చేరగిలబడి వాళ్ళిద్దరినీ గీసేదాన్ని. నాన్నగారు ఊరినుంచి బెల్లం, చింతపండుతో పాటు పొట్లాల కాగితం కూడా ఒక బొత్తి పంపేవారు, కాగితానికి కొదవ లేదు. ఎంత ఉత్సాహంగా ఉండేదో చెప్పలేను. స్కూల్లో పిల్లల చేత కుండ, బిందె, మామిడిపిందె గీయించి గీయించి నా చెయ్యి మొద్దుబారిపోయేది. సాయంత్రం గదికి వచ్చి ఆ పాట మొదలయ్యేసరికి అదే చెయ్యి దానంతటదే పరిగెత్తేది. ములక్కాడ వంపు, ఆవిరిలో కొల్లేటి అమ్మాయి చిట్లించిన కళ్ళు, చిక్కుడుకాయ ఈనె తీస్తున్న సంగీతం అమ్మాయి వేళ్ళు, అన్నీ ఆ పాట వేగంలోనే కాగితం మీదకి వచ్చి పడేవి. పాట బాగుంటే కూర బాగుండేది, కూర వాసన బాగుంటే పాట ఇంకో మెట్టు ఎక్కేది, ఆ రెండూ కుదిరిన రోజున నేను పది బొమ్మలు గీసేదాన్ని. ఇంత ఆనందం ఎవరైనా చూస్తే దిష్టి తగులుతుందని కొల్లేటి అమ్మాయి అప్పుడప్పుడు ఎండుమిరపకాయలు తీసి మా ముగ్గురికీ తిప్పి పొయ్యిలో వేసేది, ఆ ఘాటుకి దగ్గులు వస్తే అది దిష్టి పోతున్న గుర్తని చెప్పేది.

ఇంత హాయిలోనూ ఒక ముల్లు ఉండేది. మా సంగీతం అమ్మాయికి రేడియోలో పాడాలని కోరిక, ఆమె కంటే వాళ్ళ నాన్నగారికి ఎక్కువ కోరిక. ఆయన పొలం గట్టు మీద కనిపించిన వాళ్ళందరికీ మా అమ్మాయి రేడియోలో పాడబోతోందండీ అని ముందే చెప్పేసుకున్నారు. లలిత సంగీతానికి బెజవాడలో ఆడిషను ఉండేది. లోపల ఒక గదిలో మైకు ముందు కూర్చోబెడతారు, వినేవాళ్ళు ఇంకో గదిలో ఉంటారు. హార్మోనియం, తబలా వాళ్ళ మనుషులే వాయిస్తారు, మనం చెయ్యాల్సిందల్లా పాడటమే. మొదటిసారి వెళ్ళినప్పుడు రెండో చరణంలో గొంతు వణికి ఆగిపోయింది. రెండోసారి పల్లవి కూడా పైకి రాలేదు, కళ్ళనీళ్ళు వచ్చాయి. స్కూలు వార్షికోత్సవంలోనూ అంతే, వేదిక మీద నిలబెడితే ఆమె నోట్లోంచి వేరే ఎవరిదో గొంతు వచ్చేది. అదే మనిషి క్లాసులో హార్మోనియం వాయిస్తూ, గదిలో కూర తరుగుతూ పాడితే గోడలు కూడా తల ఊపేవి. ఎందుకిలా జరుగుతోందో మా ముగ్గురిలో ఎవరికీ అంతుపట్టలేదు.

మూడో పిలుపు వచ్చింది. ఆ వారమే వాళ్ళ నాన్నగారు బస్తా బియ్యంతో ఏలూరు వచ్చారు. చాలా మెత్తటి మనిషి. అరుగు మీద కూర్చుని, కండువాతో మొహం తుడుచుకుని, "ఈసారికి వెళ్ళిరా అమ్మా. రాకపోతే రేడియో మాట మర్చిపోదాం. నువ్వు ఏడవడం, మీ అమ్మ ఏడవడం, ఎందుకొచ్చిన గొడవ" అన్నారు. ఆయన వెళ్ళిపోయాక సంగీతం అమ్మాయి నెమ్మదిగా చెప్పింది, ఈసారి రాకపోతే ఉద్యోగం మానేసి ఇంటికి వెళ్ళిపోతానని, నలుగురి ముందు నోరు పెగలనిదాన్ని పిల్లలకి సంగీతం ఏం చెబుతానని, ఇంకెప్పుడూ ఎక్కడా పాడనని. కొల్లేటి అమ్మాయి గరిటె పట్టుకుని, "స్టవ్ దగ్గర కూడానా?" అని అడిగింది. స్టవ్ దగ్గర కూడా, అంది. ఆమె పంతం మాకు తెలుసు, అన్నదంటే అన్నంత పనీ చేస్తుంది. ఆమె రేడియో సంగతి సరే, ఆ గదిలో పాట ఉండదంటే నేను ఇంకేం గీస్తాను, ఆ కూరలకి ఏం రుచి ఉంటుంది?

ఆడిషనుకి నెలరోజులు ఉందనగా అకాల వాన ఒకటి పడింది. పెంకుల్లోంచి నీళ్ళు కారి అటక మీది నా బొమ్మల కట్ట తడిసి ముద్దయింది. ఏడుపుమొహంతో ఆ కాగితాలన్నీ విడదీసి, గదిలో ఈ గోడకీ ఆ గోడకీ తాళ్ళు కట్టి, బట్టలు ఆరేసినట్టు ఆరేశాం. సంగీతం అమ్మాయి స్నానానికి వెళ్ళింది. కొల్లేటి అమ్మాయి చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష హాల్లో తిరిగినట్టు ఆ తాళ్ళ కింద ఒకటికి రెండుసార్లు తిరిగింది. తిరిగి, కొన్ని కాగితాలు తీసి ఒక తాడు మీదకి, కొన్ని ఇంకో తాడు మీదకి మార్చింది. నన్ను పిలిచి, "చూడవే" అంది. ఒక తాడు మీద ఉన్నవన్నీ సంగీతం అమ్మాయి మెడ నిటారుగా పెట్టి, కళ్ళు సగం మూసి, నోరారా పాడుతున్న బొమ్మలు. వాటన్నిటిలోనూ ఆమె చేతులు ఏదో ఒకటి చేస్తున్నాయి, చిక్కుడుకాయలు వలుస్తూ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ, హార్మోనియం మెట్లు నొక్కుతూ. రెండో తాడు మీద వార్షికోత్సవం నాడు గీసినవి, ఇంటావిడ పేరంటంలో గీసినవి ఉన్నాయి. వాటిల్లో ఆమె చేతులు ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి, కళ్ళు ఆ చేతుల్నే చూస్తున్నాయి, మెడ ముడుచుకుపోయి ఉంది. అన్నీ నేను గీసినవే, ఏడాదిన్నరగా గీస్తున్నాను, ఒక్కనాడూ నాకు తట్టలేదు. "గీసింది నువ్వే, చూసింది నేను" అని ఆ తర్వాత జీవితమంతా నన్ను దెప్పిపొడిచింది ఆ మహాతల్లి.

నిజమో కాదో తేల్చుకోవాలి కదా. ఇంటావిడని బతిమాలి మా గదిలో పీట మీద జడ్జిగారిలా కూర్చోబెట్టాం. సంగీతం అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టి పాడమన్నాం. రెండు వరుసలు పాడేసరికి గొంతు జావ అయిపోయింది. అప్పుడు కొల్లేటి అమ్మాయి ఆమె ఒళ్ళో గుప్పెడు చిక్కుడుకాయలు పోసింది. నేను చూస్తుండగానే భుజాలు కిందకి దిగాయి, వేళ్ళు ఈనె లాగాయి, గొంతు తెరుచుకుంది! పాట పూర్తయ్యాక ఇంటావిడ, "ఇంతదానివి, మనుషుల ముందు ఆ నంగి వేషాలు ఎందుకే అమ్మాయీ" అన్నారు. ఆవిడ నోట అంతకంటే మంచి మాట మేం ఎప్పుడూ వినలేదు. మేమిద్దరం లేచి గంతులేశాం, సంగీతం అమ్మాయి మాత్రం తన చేతులకేసి కొత్తగా చూసుకుంటూ ఉండిపోయింది.

మరైతే మైకు ముందుకి ఏం పట్టుకెళ్ళాలి? ఆ నెలంతా మాకు అదే పరిశోధన. చిక్కుడుకాయ తుంచితే టప్పుమంటుంది, మైకులో వినిపిస్తుంది. చేటలో బియ్యం గలగలమంటాయి. ఉల్లిపాయ వలిస్తే కన్నీళ్ళు, అవి ఆమెకి ఎటూ ఉన్నవే. మల్లెపూలు కట్టుకో, చూడ్డానికి కూడా గౌరవంగా ఉంటుంది అని ఇంటావిడ సలహా ఇచ్చారు గానీ, మా అమ్మాయికి మాల కట్టడం రాదు, పాట వదిలేసి దారం ముడి గురించి కంగారుపడింది. ఆఖరికి దొరికింది చింతచిగురు. మెత్తగా ఉంటుంది, చప్పుడు చెయ్యదు, లేత ఆకు ఉంచి పుల్ల తీసేయడం ఎంతసేపు చేసినా తరగని పని. పైగా అది చింతచిగురు రోజులు. మా ఊరి చిగురంత లేతది ఏలూరు బజారులో దొరకదని పట్టుబట్టి, ఆడిషనుకి ముందురోజు కొల్లేటి అమ్మాయి బస్సెక్కి వాళ్ళ ఊరు వెళ్ళి, సాయంత్రానికల్లా తామరాకులో పొట్లం కట్టి తెచ్చింది. విప్పి చూస్తే ఎర్రగా, నిగనిగలాడుతూ, ఇప్పుడే చెట్టు దిగినట్టు ఉంది.

మర్నాడు పొద్దున్నే పవర్‌పేటలో పాసింజరు ఎక్కాం. సంగీతం అమ్మాయి కిటికీ పక్కన కళ్ళు మూసుకుని కూర్చుంది. నేనూ కొల్లేటి అమ్మాయీ ఎదురుబొదురుగా కూర్చున్నాం, పొట్లం మా మధ్యన ఉంది. ఎండకి వాడిపోతుందేమోనని విప్పి నీళ్ళు చిలకరించాం. ఇక్కడ నేను చేసిన పని రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తోంది. మనసు నిండా గాభరా ఉన్నప్పుడు ఎదురుగా ఏరని ఆకుకూర ఉంటే చేతులు ఊరుకుంటాయా? నేను ఒక రెమ్మ తీశాను, ఆమె ఒక రెమ్మ తీసింది. ఆడిషను గురించి, వాళ్ళ నాన్నగారి గురించి, రాకపోతే ఏమవుతుందో దాని గురించి గుసగుసలాడుకుంటూ గన్నవరం దాటేసరికి ఆ చిగురు మొత్తం ఏరేశాం. పుల్లలన్నీ కిటికీలోంచి పారబోసి, చేతులు దులుపుకుని, శుభ్రమైన చిగురుని మళ్ళీ తామరాకులో పదిలంగా కట్టాం. మేం ఎంత చక్కగా పని చేశామో అనుకున్నాం కూడాను!

రేడియో స్టేషను గేటు దగ్గర కాపలా ఆయన ఆపి, ఆకుకూర లోపలికి ఎందుకండీ అని అడిగారు. ఆవిడ గొంతుకి మందండీ అని కొల్లేటి అమ్మాయి కన్నార్పకుండా చెప్పింది, ఆయన నమ్మి వదిలేశారు. లోపల బల్ల మీద కూర్చున్నాక, పేరు పిలవడానికి ఇంకా ఇద్దరు ఉన్నారనగా, సంగీతం అమ్మాయి పొట్లం విప్పి ఒళ్ళో పెట్టుకుంది. ఒక గుప్పెడు తీసింది, చూసింది. ఇంకో గుప్పెడు తీసింది. మా ఇద్దరి మొహాలకేసి చూసింది. అప్పుడు తెలిసింది మాకు, ఏం చేశామో. నెలరోజుల పరిశోధన, కొల్లేటి దాకా ప్రయాణం, ఆమె బతుకంతా ఆ పొట్లంలో ఉంటే, చేతులారా గన్నవరం పొలాల్లో పారబోసి వచ్చాం. కొల్లేటి అమ్మాయి బజారుకి పరిగెత్తుతానని లేచింది. నాకు ఏడుపు వచ్చేసింది.

సంగీతం అమ్మాయి నవ్వింది. చిన్న నవ్వు కాదు, చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగిపోయేలా నవ్వింది. రెండు ఆడిషన్లకి పాలిపోయిన మొహంతో వెళ్ళిన మనిషి, అక్కడ కూర్చున్న వాళ్ళందరూ తిరిగి చూసేలా నవ్వి, పొట్లం మళ్ళీ కట్టుకుని, "సర్లెండి, మళ్ళీ ఏరతాను" అంది. ఇంకేముందే ఏరడానికి అని నేను వెక్కుతూ అడిగాను. "మీరిద్దరూ ఏరినదాంట్లో ఒక్క పుల్లయినా దొరక్కపోతుందా? పట్టుకుంటాను చూడండి" అంది. పేరు పిలిచారు, లోపలికి వెళ్ళింది, తలుపు మూసుకుంది.

ఆ తలుపు ఇవతల మేం ఎలా గడిపామో అడక్కండి. లోపలి నుంచి ఒక్క చప్పుడూ రాదు. కొల్లేటి అమ్మాయి వేళ్ళ మీద ఏదో లెక్కపెడుతోంది, మూడు పాటలకి అన్నం ఉడికి వార్చే వేళ అవుతుంది కదా, ఆ లెక్క. తలుపు తెరుచుకుంది. సంగీతం అమ్మాయి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏదో పట్టుకుని, చెయ్యి పైకెత్తి బయటికి వచ్చింది. ఒక చింతపుల్ల! "ఏరామన్నారు, ఏరామన్నారు, ఇదేంటి మరి?" అని మా ముక్కుల ముందు ఆడించింది. పాట సంగతేమిటే అని మేం గోల పెడితే, పాటా, బానే పాడి ఉంటానులే, ముందు ఇది చూడండి అంటుంది. వెనకాలే తబలా ఆయన వచ్చారు, పెద్దాయన. మమ్మల్ని చూసి, "ఎప్పుడూ ఇలా ఆకుకూర పట్టుకునే పాడతారా అండీ ఈవిడ? మూడో పాటలో ఏదో దొరికినట్టు మొహం వెలిగిపోయింది, నేను వాయిస్తూ వాయిస్తూ ఏంటా అని తొంగిచూశాను" అన్నారు. ఆ సాయంత్రం గదికి వచ్చి ఆ చిగురుతో పప్పు చేసుకున్నాం. రెండుసార్లు ఏరిన చింతచిగురు పప్పు మా గోదావరి డెల్టాలో మేం తప్ప ఎవరూ తిని ఉండరు.

నెల తిరిగేసరికి ఉత్తరం వచ్చింది. పోస్టుమాను చేతిలోంచి లాక్కుని చదివారు ఇంటావిడ. చదివి, వీధిలోకి వెళ్ళి అందరికీ చెప్పి, తర్వాత మాకు చెప్పారు. పెంటపాడు కబురు వెళ్తే వాళ్ళ నాన్నగారు వచ్చిన మనిషికి కండువా తీసి కప్పేశారట. మొదటి కార్యక్రమం ఒక సాయంత్రం, పావుగంట, స్టూడియోలోంచి నేరుగా. ఆమె ఒళ్ళో మెంతికూర కట్టతో బెజవాడలో ఉంది. ఊళ్ళో వాళ్ళ నాన్నగారు రేడియో అరుగు మీద పెట్టి, వీధి వాళ్ళనందరినీ చాపల మీద కూర్చోబెట్టారట. మేం ఇంటావిడ సావిట్లో ఆవిడ రేడియో ముందు ఉన్నాం. కొల్లేటి అమ్మాయి స్టవ్ కూడా అక్కడికే మోసుకొచ్చింది. అనౌన్సరు మా అమ్మాయి పేరు చదివిన క్షణంలో ఎసట్లో బియ్యం పోసింది, ఆఖరి పాట ముగియగానే దించి వార్చింది. ఒక్క మెతుకు చితకలేదు, ఒక్క మెతుకు పలుకు లేదు. ఇంటావిడ ఆ అన్నం తన చేత్తో మాకు కలిపి ముద్దలు పెట్టారు.

ఆ తర్వాత మా ముగ్గురికీ పెళ్ళిళ్ళు అయ్యాయి, బదిలీలు అయ్యాయి. సంగీతం అమ్మాయి విశాఖపట్నం వెళ్ళింది, పెద్ద పెద్ద వేదికల మీద పాడింది, ఎప్పుడు చూసినా ఒళ్ళో ఏదో ఒకటి ఉండేది. కొల్లేటి అమ్మాయి ముదినేపల్లి వైపే హెడ్మిస్ట్రెస్ అయింది. నేను ఏలూరులోనే ఉండి, రిటైరై, ఇప్పటికీ గీస్తున్నాను. ఇప్పుడు సంగీతం అమ్మాయి పాటలు శిష్యురాళ్ళు ఫోనుల్లో పెట్టేశారు. పళ్ళు తోముకుంటూ వినొచ్చు, మధ్యలో ఆపి పాలు కాచుకుని వచ్చి, ఆపిన చోటి నుంచే మళ్ళీ వినొచ్చు. మంచిదే, నేనూ వింటాను. కానీ ఆ రోజుల్లో రేడియోలో పాట ఒక్కసారే వచ్చేది, వచ్చి వెళ్ళిపోయేది. ఆ మొదటి పావుగంటని ఎవరూ రికార్డు చెయ్యలేదు. పాడిన మనిషి పాడుతూ ఉంది కనుక, బయట అది ఎలా వినిపించిందో ఆమెకీ తెలీదు. అందుకని ఏడాదికి రెండుమూడు సార్లు ఫోను చేసి, "ఆ రోజు ఎలా పాడానే?" అని అడుగుతుంది. ఎన్ని కచేరీలు చేసినా ఆమెకి ఆ ఒక్కటే కావాలి.

కొల్లేటి అమ్మాయి ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి ఆమే చెప్పేది. రెండో పాట ఎత్తుకోగానే వీధిలో వెళ్తున్న సైకిలు ఒకటి ఆగిందని, ఆ సైకిలాయన పాట అయ్యేదాకా కదల్లేదని, ఆఖరి చరణంలో గొంతు పైకి వెళ్ళి అక్కడ నిలబడినప్పుడు ఇంటావిడ రెండు చేతులూ జోడించారని, పూసగుచ్చినట్టు చెప్పేది. ముగ్గురం ఒకే ఫోను కాల్లో ఉండేవాళ్ళం, నేను ఊ కొట్టేదాన్ని. రెండేళ్ళ కిందట వానాకాలంలో కొల్లేటి అమ్మాయి వెళ్ళిపోయింది. ఇంటావిడా, పెంటపాడు నాన్నగారూ ఎప్పుడో వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆ ప్రశ్న నాకే వస్తోంది.

సంగీతం అమ్మాయికి చెప్పని మాట ఒకటి మీకు చెబుతాను. ఆ పావుగంటా నేను పాట వినలేదు. ఆమె పేరు రేడియోలో వినపడిన క్షణం నుంచి నాకు సంతోషంతో ఏడుపు పొంగుకొచ్చి, మొహం చీరలో కప్పుకుని వెక్కుతూనే ఉన్నాను, నా చెవుల నిండా నా వెక్కిళ్ళే. మళ్ళీ ఎప్పుడైనా వినచ్చులే అనుకున్నాను కాబోలు. విన్న మనిషి కొల్లేటి అమ్మాయి.

పోయిన గురువారం ఫోను వచ్చింది. ఇద్దరం కాసేపు మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాక, ఎప్పటిలాగే అడిగింది. నేను గొంతు సవరించుకుని, "రెండో పాట ఎత్తుకోగానే వీధిలో సైకిలు ఒకటి ఆగిందే" అని మొదలుపెట్టాను.